బొచ్చులోకి చెయ్యి పోవాలి

(విజయవాడలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, కుక్కల్ని పెంచుకునేవాళ్ళ కోసం ఆదివారం పొద్దున ఒక గ్రూమర్ (కుక్కల బొచ్చు దువ్వి, స్నానం చేయించే పనివారు) చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఏడింటికల్లా వచ్చారు, చాలా సంతోషం. ఎనిమిదిన్నర లోపల ముగించేద్దాం. ఆ తర్వాత ఎండ ముదురుతుంది, మీతో వచ్చిన కుక్కలకి ఇంటికెళ్ళే దారి కష్టమవుతుంది.

ఈ బల్ల మీద కూర్చున్నదాని పేరు మల్లి. మూడేళ్ళది, పమేరియన్. ఎవరూ ఎత్తుకోకుండా, కూర్చున్న చోటు నుంచే చూసి చెప్పండి, బరువెంత ఉంటుంది? అయిదు కిలోలా? ఆరా? వెనకాల నుంచి ఏడు అంటున్నారు. సరే, తూకం మీద పెడుతున్నా. 2 కిలోల 900 గ్రాములు.

మల్లి వాళ్ళ అమ్మగారు ఒకసారి ఇటు రండి. దీని వీపు మీద చెయ్యి పెట్టండి. పైపైన నిమరకండమ్మా, వేళ్ళు లోపలికి పోనివ్వండి. ఇంకా. ఆ, అదీ. వెన్నెముక తగిలిందా? పక్కటెముకలు? చూడండి, వేళ్ళు రెండో గణుపు దాకా మునిగిపోయాయి. అంతవరకూ ఉన్నది వెంట్రుకలూ గాలీ. కుక్క అక్కడి నుంచి మొదలవుతుంది. బెల్టు కొన్నా, దువ్వినా, స్నానం చేయించినా, పిడుదులు వెతికినా మీ చెయ్యి అక్కడి దాకా పోవాలి. పద్నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అక్కడి దాకా చెయ్యి పోకపోవడం వల్ల వచ్చినవే.

మనవాళ్ళు వీటిని బొచ్చుకుక్కలంటారు. ఆ బొచ్చు రెండు పొరలు. పైన కనపడేవి పొడుగ్గా, కాస్త బిరుసుగా ఉండే వెంట్రుకలు. వాన జారిపోవడానికీ, ఎండ చర్మానికి నేరుగా తగలకుండా ఉండటానికీ అవి. వాటి కింద దూది లాంటి మెత్తటి నూగు ఉంటుంది. ఆ నూగు గాలిని పట్టి ఉంచుతుంది. పాతకాలం తాటాకిల్లు గుర్తు తెచ్చుకోండి. ఆకు సరిగ్గా పరిచి ఉంటే వాన కారదు, ఎండ దిగదు. అదే ఆకు కుళ్ళి, తడిసి ముద్దయితే లోపల ఉడికిపోతాం. బొచ్చు కూడా అంతే. రాలిపోవాల్సిన నూగు రాలకుండా లోపలే ఇరుక్కుంటే గాలి ఆడదు. బొచ్చు ఉంది కదా, చల్లగానే ఉంటుందిలే అనుకోవడం కూడా తప్పే. ఎంత బాగా దువ్వినా ఇది చలిదేశపు కుక్క. జర్మనీ, పోలండ్‌ల ఉత్తరాన బాల్టిక్ సముద్రం ఒడ్డున పొమెరేనియా అనే ప్రాంతం ఉంది, ఆ పేరే దీనికొచ్చింది. మొదట్లో ఇంకా పెద్దవిగా ఉండేవి. విక్టోరియా రాణి 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్ళినప్పుడు మార్కో అనే చిన్నదాన్ని తెచ్చుకుంది. అక్కడి నుంచి చిన్నవాటి మీద మోజు పెరిగింది. అలా చిన్నదైపోయిన చలిదేశపు కుక్కని మనం రోహిణి కార్తెలో బందరు రోడ్డు మీద నడిపిస్తున్నాం. దాని మీద మనకి ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

ఇంకో మాట. మన ఊళ్ళలో పమేరియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. మీ పక్కన కూర్చున్న ఆ తెల్లోడు, పెద్దాయన గారూ, వాడు స్పిట్జే. తక్కువేమీ కాదు, మన వాతావరణానికి బాగా అలవాటు పడిన జాతి. వాటిలో చిన్నరకం 5 నుంచి 7 కిలోలు ఉంటాయి, పెద్దరకం ఇంకా చాలా ఎక్కువ. అసలు పమేరియన్ 1.4 నుంచి 3.2 కిలోల మధ్య ఉంటుంది, ఎత్తు జానెడు. ఇదెందుకు చెబుతున్నానంటే, ‘పమేరియన్‌కి బాడీ బెల్టు’ అని అడిగి కొన్నది మీవాడికి పట్టకపోవచ్చు, లేదా వదులై ఊడిపోవచ్చు. జాతి పేరు చెప్పి ఎప్పుడూ కొనకండి. కొలత చెప్పి కొనండి.

ముందు మెడ బెల్టు సంగతి. నడిపించడానికి వీటికి మెడ బెల్టు వద్దు. గాలి వెళ్ళే గొట్టం చుట్టూ లేత ఎముకలాంటి రింగులుంటాయి, ఇంగ్లిషు సి అక్షరం ఆకారంలో. చిన్నజాతి కుక్కల్లో, ముఖ్యంగా పమేరియన్లలో, ఆ రింగులు వయసుతో మెత్తబడి గొట్టం అణిగిపోయే జబ్బు ఎక్కువ. అప్పుడొచ్చే దగ్గు బాతు అరిచినట్టుంటుంది. ఇక్కడ ఎవరైనా విన్నారా? చేతులెత్తారు, నలుగురు. మీ నలుగురూ వీలైనంత త్వరగా డాక్టరుకి చూపించండి. మెడ బెల్టు వల్లే జబ్బు పుడుతుందని అనడంలేదు. ఉన్న జబ్బు, లాగిన ప్రతిసారీ ఇంకాస్త ముదురుతుంది. మెడకి పల్చటి పట్టీ ఒకటి, మీ ఫోన్ నంబరు చెక్కిన బిళ్ళతో ఉండాలి. అది గుర్తు కోసం. లీష్, అంటే మీరు చేత్తో పట్టుకునే తాడు, తగిలించేది మాత్రం ఛాతీకి వేసే బాడీ బెల్టుకే.

మెడ గురించే ఒకటి చెప్పాలి, మనసు గట్టి చేసుకుని వినండి. నాలుగేళ్ళ కిందట ఒక ఇంటివాళ్ళు ఏడాది వయసు పమేరియన్‌ని తెచ్చారు. ‘ఈ మధ్య వాసనొస్తోంది, స్నానం చేయించండి’ అన్నారు. ముద్దుగా చూసుకునేవాళ్ళే, అందులో సందేహం లేదు. మెడ దగ్గర బొచ్చులోకి వేళ్ళు పెట్టాను. తడి తగిలింది. వెంట్రుకలు పాయ తీసి చూస్తే నల్లతాడు. రెండు నెలల పిల్లగా ఇంటికొచ్చినప్పుడు దిష్టి తగలకూడదని కట్టారు. పిల్ల పెరిగింది, తాడు పెరగలేదు. బొచ్చు కప్పేసింది, ఇంట్లోవాళ్ళు మర్చిపోయారు. తాడు చర్మాన్ని కోసుకుంటూ లోపలికి పోయి, దాని మీద మళ్ళీ కండ పట్టింది. నేను ముట్టుకోలేదు, అటు నుంచి అటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, మత్తు ఇచ్చి తీశారు. బతికింది, బాగుంది. ఆ అమ్మాయి మాత్రం ‘రోజూ ఎత్తుకున్నానండీ, రోజూ ముద్దు పెట్టుకున్నాను’ అంటూ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. తాడు, తాయెత్తు, మువ్వల పట్టీ, ఏది కట్టినా ఇవాళ ఇంటికెళ్ళగానే బొచ్చు పాయ తీసి చూడండి.

ఇక బాడీ బెల్టు. కుట్టుపనికి వాడే టేపు తెచ్చాను. ముందు కాళ్ళ వెనక, ఛాతీ చుట్టూ కొలుస్తున్నా. బొచ్చు మీదుగా వదులుగా పట్టుకుంటే 44 సెంటీమీటర్లు. ఇప్పుడు టేపుని బొచ్చులోకి దించి, ఒంటికి తగిలేలా పట్టుకుంటున్నా. 34. పది సెంటీమీటర్ల తేడా! 44 అని కొంటే ఏమవుతుంది? వీధిలో ఒక బండి హారన్ కొడుతుంది, మల్లి బెదిరి వెనక్కి నడుస్తుంది, తల వంచుతుంది, బెల్టు చెవుల మీదుగా జారి మీ చేతిలో ఉంటుంది. కుక్క రోడ్డు మీద ఉంటుంది. కొన్న రోజే ఇంట్లో తలుపులు వేసుకుని పరీక్ష చెయ్యండి. బెల్టు వేసి, దాని ముందు నిలబడి, లీష్‌ని మెల్లగా మీ వైపు లాగండి. బెల్టు చెవుల దాకా వచ్చిందంటే వదులు. పట్టీ కిందికి, అంటే బొచ్చు కిందికి, ఒక వేలు హాయిగా దూరాలి. రెండోది కష్టం మీద దూరాలి. బొచ్చు పైన వేలు దూర్చి సరిపోయింది అనుకోకండి.

ఆకారం ముందు నుంచి చూస్తే వై అక్షరంలా ఉండాలి. ఛాతీకి అడ్డంగా, భుజాల మీదుగా ఒకే పట్టీ పోయేవి ఉంటాయి, చూడ్డానికి బాగుంటాయి గాని కాలు ముందుకి సాగనివ్వవు. కింది పట్టీ చంకలో ఇరుక్కోకుండా, చంకకి రెండు వేళ్ళ వెనకగా ఉండాలి. లోపల నున్నటి గుడ్డ ఉన్నది తీసుకోండి. వెల్క్రో ఉన్నవి మాత్రం వీటికి వద్దంటాను. విప్పిన ప్రతిసారీ వెల్క్రో నూగుని పీక్కుంటుంది, పది రోజుల్లో దాని పళ్ళ నిండా బొచ్చే ఉంటుంది, అప్పుడు అతుక్కోదు కూడా. ఒళ్ళంతా కప్పే చొక్కా లాంటివి కొందరు ఇష్టపడతారు. ఏసీ హాల్లో ఫొటోకి సరే, మన ఉడకపోతలో నడకకి సన్న పట్టీలే మేలు. బకిల్ క్లిక్‌మనేటప్పుడు వెంట్రుకలు ఇరుక్కుంటాయి, అందుకే మీ వేలు మధ్యలో అడ్డం పెట్టి బిగించండి. ఒకసారి నొప్పి పుడితే మర్నాటి నుంచి బెల్టు చూడగానే మంచం కిందికి పోతుంది. ఇంటికి రాగానే విప్పేయండి. రోజంతా ఉంచితే రాపిడికి దాని కింద బొచ్చు ఉండలు కడుతుంది.

ఇంకొకటి, ఇది చాలామంది గమనించరు. బొచ్చు రాలే కాలంలో నూగంతా పోయి పట్టీ వదులవుతుంది. మళ్ళీ వచ్చాక బిగుతవుతుంది. నెలకోసారి వేలు పెట్టి చూసుకోండి.

లీష్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మీటరున్నర పొడవు, తేలికైన నైలాన్, చిన్న కొక్కెం. ఇనుప గొలుసు వద్దు. 3 కిలోల ప్రాణికి 300 గ్రాముల గొలుసు వేస్తే, 60 కిలోల మనిషి 6 కిలోలు వేలాడేసుకుని నడిచినట్టు. బటన్ నొక్కితే సాగే లీష్‌లు మన వీధుల్లో ప్రమాదం. అయిదు మీటర్ల అవతలున్న కుక్కకీ మీకూ మధ్య నుంచి స్కూటర్ దూరిపోతుంది. వీధికుక్కలు గుంపుగా ఎదురొస్తే లీష్ దగ్గరికి తీసుకుని, మీరు అడ్డంగా నిలబడి, పరిగెత్తకుండా పక్కకి తప్పుకోండి. ఎత్తుకోవాల్సి వస్తే ఛాతీ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి. బెల్టు పట్టుకుని సంచీలా లేపకండి. స్కూటర్ ముందు కాళ్ళ దగ్గర నిలబెట్టి తీసుకెళ్ళే అలవాటు మన ఊళ్ళో చాలా ఉంది. బ్రేకు వేస్తే అది పట్టుకోవడానికి చేతులు లేవు. భుజాన వేసుకునే మూత సంచీలు దొరుకుతున్నాయి, అవి వాడండి. చిన్నజాతుల్లో మోకాటి చిప్ప పక్కకి జారే లోపం చాలా ఎక్కువ, నడుస్తూ నడుస్తూ ఒక వెనక కాలు ఎత్తి రెండడుగులు గెంతుతుంది చూడండి, అదే. అలాంటివి బండి మీద నుంచి, సోఫా మీద నుంచి, ఈ బల్ల మీద నుంచి కూడా దూకకూడదు.

ఎప్పుడు నడిపించాలి? వేసవిలో పొద్దున ఆరున్నరకల్లా ఇంటికి వచ్చెయ్యాలి. సాయంత్రం సూర్యుడు దిగాడు కదా అని బయల్దేరకండి, తారు అప్పటికీ కాగుతూనే ఉంటుంది. నడి మధ్యాహ్నం తారు 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడి దిగడానికి గంటలు పడుతుంది. మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. ఉంచలేకపోతే దాన్నీ దించకండి. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది, ఫ్యాను గాలికి ఆరి చల్లబడతాం. కుక్కకి చెమట పాదాల్లోనే, మిగతాదంతా నాలుక బయటపెట్టి రొప్పుతూ చల్లార్చుకోవాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పు కూడా పనిచేయదు. అందుకే 42 డిగ్రీల పొడి ఎండకే కాదు, 34 డిగ్రీల ఉక్కకి కూడా వడదెబ్బ తగులుతుంది. పాదాలకి బూట్లు వెయ్యమంటారా అని అడుగుతారు. నేను వద్దనే అంటాను, బూట్లు వేస్తేగాని నడవలేని వేళ దానికి బయట పనేముంది?

నాలుక ముదురెరుపై, చొంగ చిక్కగా కారుతూ, తూలుతోందంటే వడదెబ్బే. వెంటనే నీడకి తెచ్చి, మామూలు చల్లనీళ్ళు పొట్ట మీద, తొడల లోపల, పాదాల మీద పోయండి. పైబొచ్చు మీద పోస్తే జారిపోతుంది, చర్మం దాకా తడవాలి. ఫ్యాను పెట్టండి. ఐసు రుద్దకండి. అలాగే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. దాని మామూలు ఒంటివేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా, 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎండాకాలం కదా, గుండు కొట్టిస్తే చల్లగా ఉంటుందని మీలో ఎంతమంది అనుకున్నారు? నేనూ అనుకున్నాను. ఈ పనిలోకి రాకముందు మా ఇంట్లో చింటూ అని ఒకడుండేవాడు, నారింజ రంగు పమేరియన్. మే నెలలో ఒక షాపులో మెషిన్‌తో చర్మం దాకా తీయించాను. వాడు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వారంలో వీపు ఎర్రగా కమిలింది. ముందు నూగొచ్చింది, పైవెంట్రుకలు రాలేదు. ఆ నూగు ప్రతిదాన్నీ అంటించుకునేది, రోజూ చిక్కులే. ఏడాదిన్నర పట్టింది తిరిగి రావడానికి, నడుం పైన అరచేతి మేర మాత్రం చివరిదాకా పల్చగానే ఉండిపోయింది. కొన్నిటికి బాగానే తిరిగొస్తుంది, కొన్నిటికి రాదు. ఏది ఎలాంటిదో ముందే చెప్పలేం. ఆపరేషన్ కోసమో, చర్మవ్యాధికో డాక్టరు తీయమంటే తీయాలి, అది వేరు. వేడికని తీయించకండి. తీయించాల్సింది పాదాల కింద మెత్తల మధ్య వెంట్రుకలు. టైల్స్ మీద, గ్రానైటు మీద జారకుండా ఉంటుంది. మలద్వారం చుట్టూ కొంచెం, శుభ్రం కోసం. గుండు కొట్టించకుండానే బొచ్చు దానంతటదే పల్చబడి చర్మం నల్లగా మారుతోందంటే, థైరాయిడ్ లాంటి కారణాలు వెతకాలి, నూనెలు రాస్తూ కూర్చోకండి. నాలుగైదు నెలల పిల్లలకి మాత్రం భయపడకండి, ఆ వయసులో పసిబొచ్చు రాలి, మూతి కోతిపిల్లలా అవుతుంది. మళ్ళీ వస్తుంది.

మరి వేడి తగ్గేదెలా? దువ్వడం వల్ల. ఇప్పుడు చేసి చూపిస్తా, కాస్త దగ్గరికి రండి.

మల్లిని పక్కకి పడుకోబెట్టాను. ముందు నీళ్ళు మంచులా చల్లాలి, పొడి వెంట్రుక దువ్వితే తెగుతుంది. ఎడమచేత్తో బొచ్చునంతా పైకి ఎత్తి పట్టుకున్నా. పొట్ట దగ్గర నుంచి ఒక్క వరస, అంగుళం వెడల్పున, కిందికి దించుతున్నా. పాపిడిలా తెల్లగా గీత కనపడుతోందా? అది చర్మం. ఆ గీత దగ్గర నుంచి వెంట్రుక కొసదాకా స్టీలు దువ్వెన. అది అడ్డు లేకుండా జారితే ఇంకో వరస దించాలి. ఇలా పొట్ట నుంచి వీపుదాకా. పైపైన దువ్వేవాళ్ళకి పైన పట్టులా ఉంటుంది, అడుగున అట్టకట్టి ఉంటుంది. వారానికి మూడుసార్లు పావుగంట చాలు, రాలే కాలంలో రోజూ. చెవుల వెనక, చంకల్లో, వెనక తొడల మీద, బెల్టు పడే చోట ముందు చూడండి. ఉండ దొరికితే కత్తెరతో కొయ్యకండి, చర్మం ఆ ఉండలోకి లేచి ఉంటుంది, కోసేస్తారు. వేళ్ళతో విడదీసి, కొస నుంచి మొదలుకి దువ్వండి.

సామాను రెండే రెండు చాలు, వెడల్పు పళ్ళూ సన్న పళ్ళూ ఉన్న స్టీలు దువ్వెన ఒకటి, పొడుగు పుల్లల బ్రష్ ఒకటి. బ్లేడు లాంటి అంచుతో బుట్టెడు బొచ్చు తీసేవి వస్తున్నాయి, ఆ తీసినదాంట్లో మంచి వెంట్రుకలు కూడా కోతపడి ఉంటాయి.

స్నానం నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చాలు. దువ్వాకే స్నానం, లేకపోతే చిక్కు తడిసి కంబళిలా బిగుసుకుంటుంది. మన షాంపూ వద్దు, దాని చర్మం మనకంత ఆమ్లగుణం ఉన్నది కాదు. కుంకుడురసం పోసేవాళ్ళున్నారు, కళ్ళలో పడితే మనకెంత మంటో దానికీ అంతే, పైగా అది చెప్పలేదు. అసలు పని స్నానం తర్వాతే. తువ్వాలుతో అద్ది, చల్లగాలి పెట్టిన డ్రయ్యర్‌తో, వరస వరసగా చర్మం దాకా ఆరాలి. పైన ఆరి అడుగున తడి ఉంటే, వానాకాలంలో మూడోరోజుకి పుండు పడుతుంది.

పిడుదులు, గోమార్లు అంటాం కదా, ఈ బొచ్చులో అవి దాక్కుంటే కనపడవు. నడిచొచ్చాక చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడ కింద చేత్తో తడమండి. పెసరగింజంత గట్టిగా తగిలితే అదే. అవి తెచ్చే జ్వరాలకి రక్తం పడిపోయి చనిపోయినవి నేను చూశాను. మెడ వెనక వేసే చుక్కల మందు బొచ్చు మీద వేస్తే దండగ, పాయ తీసి చర్మం మీద వెయ్యాలి. దానికి రెండు రోజులు ముందూ వెనకా స్నానం వద్దు. గేదెలకి వాడే మందు నీళ్ళలో కలిపి పోయడం, కిరసనాయిలు రాయడం దయచేసి చెయ్యకండి. మూడు కిలోల ప్రాణి అది, తనని తాను నాక్కుంటుంది కూడా.

పళ్ళు రోజూ కుక్కల పేస్టుతో తోమండి, మన పేస్టు అది మింగేస్తుంది. రేబిస్ టీకా డాక్టరు చెప్పిన తేదీకి వేయించండి, వాననీళ్ళు నిలిచే వీధి అయితే, అలాంటి నీళ్ళ నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బుకి వేసే లెప్టో టీకా గురించీ అడగండి.

ఏమిటండీ? మా స్పిట్జ్ బొద్దుగా ఉంటాడు, అది బొచ్చా, ఒళ్ళా అని అడుగుతున్నారు పెద్దాయన. ఇటు తీసుకురండి. రారా నాన్నా. చెయ్యి పెట్టండి, ఇక్కడ, పక్కటెముకల మీద. తగులుతున్నాయా? నొక్కితేగాని తగలడం లేదు. ఒళ్ళేనండి. రోజుకెన్ని బిస్కెట్లు పెడతారు? ఎనిమిది. రెండుకి దించండి, నెలకి మళ్ళీ చెయ్యి పెట్టి చూడండి. బెల్టు అప్పటిదాకా కొత్తది కొనకండి, తగ్గాక కొలుద్దాం.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే రండి, టేపు నా దగ్గరే ఉంది, కొలత కాగితం మీద రాసిస్తాను. మల్లీ, నీ పని అయిపోయిందమ్మా. ఆగు, ఆగు, దూకకు. నేను దింపుతాను.